కాలేజీలోనూ కలిసి చదువుదాం

ఈ హాస్టల్లో ఒకే ట్యూబ్‌లైటు కింద కలిసి చదివిన మేము కాలేజీకి వెళ్లగానే ఒంటరివాళ్లమయ్యాం. తెలుగు మీడియం బెరుకుతో వెనుక బెంచీల్లో కూర్చున్నాం. అర్థం కాకపోయినా నోరు విప్పలేదు. మాలో కొందరు సబ్జెక్టులు తప్పి చదువే మానేశారు. వారికి తెలివి ఉంది, తోడు లేదు.

1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ ఇలాంటిదే గమనించారు. లెక్కల్లో తప్పుతున్న నల్లజాతి విద్యార్థులు కష్టపడేవారే, కానీ ఒంటరిగా చదివేవారు. చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుని ఒకరి తప్పులొకరు దిద్దుకునేవారు. అందరూ కలిసి లెక్కలు చేసే తరగతులు ఆయన పెట్టాక ఫలితాలు మెరుగుపడ్డాయి.

తమ్ముళ్లారా! కాలేజీలో చేరిన మొదటి వారంలోనే నలుగురు కలిసి స్టడీ సర్కిల్ పెట్టుకోండి. వచ్చినది చెప్పండి, రానిది సిగ్గుపడకుండా అడగండి. మాలా ఆలస్యం చేయకండి.