సెలవు ఏ రోజు?

మా చంద్రశేఖరపురం వైపు వానలు మొహం చాటేస్తే జనం మూటాముల్లె సర్దుకోవడం కొత్తేం కాదు. హైదరాబాదో, బెంగుళూరో అయితే సరే. సింగపూర్‌లో ఇంటిపని అంటే మాత్రం "తిండీ వసతీ వాళ్ళవే, జీతం మొత్తం మిగులే" అన్న ఏజెంటు మాట ఎంత తీయగా ఉంటుందో! అబద్ధం కాదు. అక్కడి చట్టం ప్రకారం తిండి, వసతి, వైద్యం యజమాని బాధ్యతే. కానీ ఆ ఇంట్లోనే ఉండి తీరాలి. పనిచేసే చోటే పడుకునే చోటైతే పని ఎన్నింటికి ముగిసినట్టు? అర్ధరాత్రి వాళ్ళ పాప ఏడిస్తే లేవాల్సింది ఎవరు?

వారానికో సెలవు అక్కడ 2013లో వచ్చింది. అదీ పనిమనిషి 'ఒప్పుకుంటే' డబ్బిచ్చి మాన్పించొచ్చు. ఒప్పుకోక ఏం చేస్తుంది! 2023 నుంచి నెలకు ఒక్క రోజైనా ఇచ్చి తీరాలన్నారు. (మన ఇళ్ళలో ఆ ఒక్కటీ ఇస్తున్నామా అని అడక్కండి.) ఆ రోజే సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్ళొచ్చు, తెలుగు మాట చెవిన పడొచ్చు, ఇంటికి డబ్బు పంపొచ్చు. అది లేకపోతే సింగపూరంటే వంటింటి కిటికీలోంచి కనిపించేంతే.

వెళ్ళాలనుకునే చెల్లీ, జీతమెంతని తర్వాత అడుగుదువుగాని. సెలవు ఏ రోజు, పడుకునేది ఎక్కడ, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? ముందు ఇవి అడుగు. జవాబు కాగితం మీద రాయించుకో.