గర్భసంచి తీసే ముందు కాగితం చూపించండి

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు పదిమంది కూర్చున్న చోట గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్లలో నలభై నిండనివాళ్లూ ఉంటారు. ఏఎన్ఎంగా కోహిర్, ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఎందుకు తీయించుకున్నావమ్మా అని అడుగుతూనే వచ్చాను. జవాబు ఇంచుమించు ఒకటే. ‘‘గడ్డ ఉన్నదన్నరు సిస్టరమ్మా. తియ్యకుంటే క్యాన్సర్ అయితదన్నరు.’’

ఆ రెండో మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. గర్భసంచిలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఫైబ్రాయిడ్లు. గర్భసంచి గోడలోని కండరమే ఒకచోట ముద్దకట్టి పెరుగుతుంది. యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో ఇవి ఉంటాయి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. ముట్లు ఆగిపోయాక చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. ఫైబ్రాయిడ్‌లో క్యాన్సర్ ఉండటం చాలా అరుదు.

ఒకామె కందికోతలు కాగానే ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకుని నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు, స్కాన్ కాగితం. విప్పి చూస్తే మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఒకటి. ముట్టు ఎక్కువ పోతుందా అంటే లేదంది. తెల్లబట్ట, నడుం నొప్పి, అంతే. ఆపరేషన్‌కు అప్పు కూడా మాట్లాడుకుంది. ‘‘అప్పు తర్వాత సంగతి, ముందు పెద్దాస్పత్రిల ఇంకో డాక్టరమ్మకు చూపిద్దాం పా’’ అని తీసుకెళ్లాను. ఇన్ఫెక్షన్‌కు మందులిచ్చి, గడ్డను ఆర్నెల్లకు మళ్లీ చూద్దామన్నారు. ఆమె గర్భసంచి ఆమెకు మిగిలింది.

గడ్డ కనబడగానే అడగాల్సింది అది ఏ రకమని. ఉన్నచోటే పెరిగి, పక్కకు చొరబడకుండా ఆగేది మామూలు గడ్డ. చర్మం కింద కదిలే కొవ్వుగడ్డ, ఫైబ్రాయిడ్ ఆ కోవలోవి. పక్కనున్న కండను తొలుచుకుపోయి, రక్తంలోనో లింఫ్ దారుల్లోనో వేరే చోటికి పాకేది క్యాన్సర్. ఈ రెండింటి మధ్య ముందస్తు మార్పుల దశ ఒకటుంది. కణాలు తీరు మారతాయి గానీ ఇంకా లోపలికి దిగవు. అన్నిటికన్నా తేలిగ్గా ప్రాణాలు కాపాడగలిగేది ఇక్కడే. మామూలు గడ్డయినా మెదడులో ఉంటే ప్రమాదమే, ఫైబ్రాయిడ్ అయినా రక్తం ఆగకుండా పోతే తీయాల్సిందే. ఆపరేషన్ అసలే వద్దని నేననను. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది పాథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద చూసి రాసే ఆ కాగితమే. కణాలు ఎంత మారాయో చెప్పేది గ్రేడు, జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజీ. స్కాన్‌లో గడ్డ కనబడిందన్నంత మాత్రాన ఇవేవీ తెలియవు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్లకు మిగతా దేశంలో లేని జబ్బేదో ఉందనుకోవాలా? అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి సంగతి ఊళ్లలో ఆశా కార్యకర్తలకైనా చెప్పారా? గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లు ఆగిన ఒళ్లవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలికి పోయే మనిషికి ఎముకలే ఆస్తి.

నిజంగా భయపడాల్సిన చోట మాత్రం మనవాళ్లకు భయం లేదు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే మారిన చోటు తెల్లగా తేలుతుంది. శిక్షణ ఉన్న నర్సు చేయగల పరీక్ష. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఇది ఉచితం. అయినా ఆ పరీక్ష గదిలోకి రమ్మంటే సిగ్గుపడతారు, ఆపరేషన్ బల్ల మీదికి మాత్రం ధైర్యంగా పోతారు. ఆడపిల్లలకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేసే హెచ్‌పీవీ టీకా సంగతి తల్లులకు తెలియనే తెలియదు.

ఇక మగవాళ్లు. నిషేధం ఉన్నా గుట్కా దొరుకుతూనే ఉంది, ఖైనీ సరేసరి. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. బుగ్గ లోపల తెల్లమచ్చ నొప్పి పుట్టదు కాబట్టి పట్టించుకోరు. భార్యకు మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందని అప్పుచేసి ఆపరేషన్‌కు తీసుకుపోయే మనిషి, తన నోరు బిగుసుకుపోయి మూడు వేళ్లు నిలువుగా పట్టడం లేదని ఎవరికీ చెప్పడు.

ప్రభుత్వాన్ని నేనడిగేవి రెండు. గర్భసంచి ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ ఎందుకు తీయాల్సి వచ్చిందో తెలుగులో రాసి, తీసిన గర్భసంచిపై వచ్చిన పాథాలజీ రిపోర్టుతో పాటు ఆ కాగితాన్ని ఆమె చేతికే ఇవ్వాలి. జహీరాబాద్ సంతరోజున, బస్టాండులో టార్చిలైట్‌తో మగవాళ్ల నోళ్లు చూసే ఆరోగ్య సిబ్బందిని కూర్చోబెట్టి, మచ్చ కనబడినవాళ్లను అక్కడికక్కడే చీటీ రాసి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపాలి.