పంటి కుర్చీ ముందు భయం నేరం కాదు



"పన్ను తీయించుకోవడానికి ఇంత భయమా? పిల్లలు చూస్తే నవ్విపోతారు." ఈ మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు విని ఉంటారు, లేదా మీరే ఎవరితోనో అని ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నేను ఈ మాట లెక్కలేనన్ని సార్లు అన్నాను. అది తప్పుడు మాట అనీ, ప్రాణాల మీదికి తెచ్చే మాట అనీ ఈ రోజు రాయదలచుకున్నాను. పంటి వైద్యమంటే కలిగే భయం పిరికితనం కాదు. జ్వరాన్ని, రక్తపోటును ఎలా అడిగి తెలుసుకుంటామో, ఈ భయాన్ని కూడా అలాగే అడిగి తెలుసుకుని చికిత్స చేయాలి. ఆ చికిత్స ఉందన్న సంగతినే మన రోగులకు చెప్పకపోవడం మా వృత్తిలోని లోపం.

ఒక రాత్రి నేర్పిన పాఠం

నేను ఒక ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులవి. నలభై ఏళ్ల వ్యవసాయ కూలీ ఒకామె కింది దవడ పన్ను పోటుతో ఓపీకి వచ్చింది. దంతవైద్యుని దగ్గర తీయించుకోమని చీటీ రాశాను. "సూదంటే భయం బాబూ. చిన్నప్పుడు నలుగురు పట్టుకుని పీకించారు. బిళ్లలు రాయండి, చాలు" అంది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. నాకు విసుగొచ్చింది. "ముగ్గురు బిడ్డల్ని కన్నదానివి, పన్నుకు భయపడతావా?" అని గద్దించాను. వరుసలో ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను. ఐదు రోజులకు బిళ్లలు రాసిస్తే, ఆమె తలవంచుకుని వెళ్లిపోయింది.

ఆరు వారాల తరువాత ఒక రాత్రి ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. గడ్డం కింద రెండు వైపులా చెక్కలా గట్టిపడిన వాపు. నోరు తెరుచుకోవడం లేదు. నాలుక పైకి లేచిపోయి ఉంది. ఉమ్మి మింగలేక చొంగ కారుతోంది. పడుకోబెడితే ఊపిరి అందడం లేదు. దీనిని లుడ్విగ్స్ యాంజైనా అంటారు. కింది దవడ పంటి వేళ్ల దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ నాలుక అడుగుకు, మెడకు పాకి శ్వాసమార్గాన్ని మూసివేసే స్థితి అది. ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ ఎక్కించి, జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి పంపించాం. దారిలోనే ఆమె ప్రాణం పోయింది.

కాగితాల మీద ఆమె మరణానికి కారణం పన్ను నుంచి పాకిన ఇన్ఫెక్షన్. నా లెక్కలో దానికి ముందు ఇంకొక కారణం ఉంది. సకాలంలో ఆ పన్ను తీసివేసి ఉంటే అరగంట పని. ఆమె రాలేదు. రాకపోవడానికి భయం ఒక కారణమైతే, ఆ భయాన్ని నోరు విప్పి చెప్పిన రోజున నలుగురిలో ఎదురైన అవమానం రెండవ కారణం. ఆ అవమానం చేసినవాడిని నేను.

ఈ భయం ఎక్కడ పుడుతుంది?

పంటి కుర్చీలో మనిషి పరిస్థితిని ఒకసారి ఊహించండి. వెల్లకిలా పడుకుని నోరు తెరిచి ఉండాలి. మాట్లాడే వీలు లేదు. లోపల ఏం జరుగుతున్నదో కనిపించదు. చెవి పక్కనే డ్రిల్లు మోత. చిన్నతనంలో ఎవరో కాళ్లూ చేతులూ పట్టుకుని పన్ను పీకించిన జ్ఞాపకం ఉంటే, వయసు పెరిగినా ఒళ్లు దానిని మరచిపోదు.

మరొక కారణం వైద్యులకు తెలుసు గాని రోగులకు చెప్పరు. పన్ను లోపలి గుజ్జు బాగా వాచి ఉన్నప్పుడు, ముఖ్యంగా కింది దవడ దంతాలకు, మామూలు తిమ్మిరి ఇంజెక్షన్ కొన్నిసార్లు సరిగా పనిచేయదు. వాచిన కణజాలంలో ఆమ్లగుణం పెరిగి మందు ప్రభావం తగ్గుతుంది. అప్పుడు రోగి "నొప్పిగా ఉంది" అంటే అది నిజంగానే నొప్పి. "ఇంజెక్షన్ ఇచ్చాం కదా, ఇంకెక్కడి నొప్పి?" అని పని కొనసాగించిన ప్రతి వైద్యుడూ జీవితాంతం భయపడే ఒక రోగిని తయారు చేసినట్లే.

అక్కడి నుంచి విషవలయం మొదలవుతుంది. భయం వల్ల వాయిదా, వాయిదా వల్ల చిన్న పుచ్చు పెద్దదై చీము పట్టడం, చీము పట్టాక చికిత్స మరింత కష్టం కావడం, ఆ కష్టం వల్ల మరింత భయం. ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్ దాకా, రూట్ కెనాల్‌తో పోయేది పన్ను పోగొట్టుకునే దాకా వెళుతుంది. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి, చక్కెర ఒకదానినొకటి పెంచుకుంటాయి. చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటున్నవారు భయంతో నోరు చూపించకపోతే తెల్ల మచ్చగా ఉన్నప్పుడే పట్టుకోవలసిన క్యాన్సర్ పుండుగా మారాక బయటపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ ఇందుకు ఉదాహరణ.

పై పళ్లు తీయిస్తే చూపు పోతుందన్న భయం ఇంకొకటి. చూపునిచ్చే నరం వేరు, పంటికి స్పర్శనిచ్చే నరం వేరు. పన్ను తీస్తే కన్ను పోదు.

మత్తు పుట్టింది పంటి వైద్యుల చేతుల్లోనే

చరిత్రలోని ఒక విచిత్రం చూడండి. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వు పుట్టించే వాయువు ప్రదర్శనకు వెళ్లాడు. ఆ వాయువు పీల్చిన ఒకడు కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియక తిరగడం గమనించాడు. మరునాడే ఆ నైట్రస్ ఆక్సైడ్‌ను తానే పీల్చి, తోటి దంతవైద్యుని చేత తన పన్నే తీయించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి ఆధునిక శస్త్రచికిత్సకు దారి తెరిచిన విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే. నొప్పి లేని శస్త్రచికిత్సను లోకానికి ఇచ్చినవారు పంటి వైద్యులు. ఇన్నేళ్ల తరువాత మన ఊళ్లలో అదే పంటి కుర్చీలో "ధైర్యం తెచ్చుకో" అన్న మాటే మందుగా మిగిలిపోవడం సిగ్గుచేటు కాదా?

ఉన్న మార్గాలు ఇవి

మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు. చేయబోయేది ముందే చెప్పడం, పరికరాన్ని చూపించడం, ఆ తరువాతే చేయడం. "ఎడమ చేయి ఎత్తితే ఆపేస్తాను" అని మాట ఇచ్చి, చేయి ఎత్తినప్పుడు నిజంగా ఆపడం. సూది గుచ్చే చోట ముందుగా తిమ్మిరి జెల్ రాయడం. లిగ్నోకైన్‌ను తొందరపడకుండా నెమ్మదిగా ఎక్కించడం. భయస్థులలో చాలామందికి ఇంత మాత్రమే సరిపోతుంది.

రెండవది నైట్రస్ ఆక్సైడ్. ఆక్సిజన్‌తో కలిపి ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా ఇస్తారు. రెండు మూడేళ్లు నా దవడ పన్నును నేనూ వాయిదా వేశాను. చివరికి ఈ వాయువు సాయంతోనే చికిత్స చేయించుకున్నాను. వేళ్ల కొనల్లో చిన్న తిమ్మిరి, కాళ్లు తేలికపడినట్లు అనిపించాయి. డాక్టరు మాట వినబడుతూనే ఉంది, జవాబు చెబుతూనే ఉన్నాను. డ్రిల్లు మోత మాత్రం పక్కింట్లోంచి వచ్చినట్లుంది. పని ముగిశాక కొన్ని నిమిషాలు ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చారు. తల తేటపడింది. గర్భిణులు, ముక్కు పూర్తిగా మూసుకుపోయినవారు, ఇటీవల చెవి లేదా కంటి రెటీనా ఆపరేషన్ అయినవారు, బి12 లోపం తీవ్రంగా ఉన్నవారు ముందే చెప్పాలి.

మూడవది మాత్ర లేదా సిరప్. డయాజిపామ్, మిడజోలామ్ వంటివి. మగత వస్తుంది గాని మోతాదును మధ్యలో సరిదిద్దడం కష్టం. నాలుగవది రక్తనాళంలోకి కొద్దికొద్దిగా ఇచ్చే మిడజోలామ్. రోగి మెలకువగా ఉండి మాట వింటాడు, జరిగినది తరువాత అంతగా గుర్తుండదు. చివరిది పూర్తి మత్తు. చాలా పళ్లు పాడైన పసిపిల్లలకు, కుర్చీలో కుదురుగా ఉండలేని మానసిక వైకల్యం గలవారికి, ఆసుపత్రిలో మత్తు వైద్యుని సమక్షంలో ఇవ్వవలసినది ఇది.

ఒక విషయం మరువకండి. మగత భయాన్ని తగ్గిస్తుంది, పంటి నొప్పిని పూర్తిగా ఆపదు. పూర్తి మత్తు తప్ప మిగిలిన అన్నిటిలోనూ తిమ్మిరి ఇంజెక్షన్ ఉండవలసిందే.

మూడు అభ్యంతరాలు

"మనవాళ్లు మొండివాళ్లు, ఇవన్నీ అక్కరలేదు" అంటారు కొందరు. మొండిగా భరించేవారు ఆసుపత్రికి వచ్చినవారు. రానివారి లెక్క మన దగ్గర లేదు. వారు చీము పట్టాక రాత్రివేళ వస్తారు.

"ఖర్చెక్కువ" అంటారు. మొదటి మెట్టుకు ఖర్చు లేదని చెప్పాను. ఇక జిల్లా ఆసుపత్రుల సంగతి. ఆపరేషన్ థియేటర్, మత్తు వైద్యుడు, ఆక్సిజన్, పల్స్ ఆక్సీమీటర్ అక్కడ ఇతర శస్త్రచికిత్సల కోసం ఉండవలసినవే. వారంలో ఒక పూట వాటిని పంటి రోగులకు కేటాయించడానికి కోట్ల రూపాయలు కావాలా? కాస్త సంకల్పం చాలు.

"మత్తు ప్రమాదం" అన్నది మూడవది. దీనిని నేను తేలికగా తీసుకోను. క్లోరోఫామ్ మత్తులో మరణాలు ఎందుకు జరుగుతున్నాయో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ మన హైదరాబాదులోనే, ఆరవ నిజాం ధనసహాయంతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు కమిషన్లు ప్రయోగాలు చేశాయి. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదన్న వారి నిర్ణయం తప్పని తరువాత రుజువైంది. అయినా "మత్తు ఇస్తున్నంతసేపూ శ్వాసను గమనించండి" అన్న వారి హెచ్చరిక ఇప్పటికీ శిరోధార్యమే. మత్తులో ప్రమాదం ఉందని మత్తునే మానుకోలేదు మనం. గమనించడం నేర్చుకున్నాం. పంటి కుర్చీకీ అదే నీతి వర్తిస్తుంది.

ప్రకటనలను నమ్మి మోసపోకండి

భయపడేవారిని గద్దించే వైద్యం ఎంత తప్పో, ఆ భయాన్ని సొమ్ము చేసుకునే వైద్యమూ అంతే తప్పు. "నిద్రపోండి, లేచేసరికి పళ్లన్నీ సిద్ధం" అన్న ప్రకటన చూడగానే పరుగెత్తకండి. వెళ్లే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

ఏ మందు ఇస్తున్నారు? మందు ఇచ్చి నా శ్వాసను గమనించేది ఎవరు? లోతైన మత్తు ఇస్తూ పన్ను పనీ ఒక్కరే చేస్తామంటే ఒప్పుకోకండి. పల్స్ ఆక్సీమీటర్, ఆక్సిజన్, ఊపిరి అందించే సంచి గదిలో ఉన్నాయా? మిడజోలామ్ ఇస్తే దానికి విరుగుడైన ఫ్లుమజెనిల్ అందుబాటులో ఉందా? ప్రొపొఫాల్‌కు విరుగుడు లేదు కనుక మత్తు వైద్యుడు లేనిచోట దానిని వద్దనండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోటి నుంచి లేచి వచ్చేయండి.

మీ వైపు నుంచి కూడా కొన్ని బాధ్యతలున్నాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, ఉబ్బసం, కాలేయ వ్యాధి, మీరు వాడే ప్రతి మందు, మద్యం అలవాటు, ఏదీ దాచకండి. వయసు మళ్లినవారికి ఈ మందులు తక్కువ మోతాదులోనే ఎక్కువగా పనిచేస్తాయి. లోతైన మగతకు, పూర్తి మత్తుకు సాధారణంగా 6 గంటల ముందు నుంచి భోజనం, 2 గంటల ముందు నుంచి నీళ్లు మానాలి. మాత్ర గాని ఇంజెక్షన్ గాని తీసుకుంటే ఇంటికి తీసుకువెళ్లే తోడు తప్పనిసరి. ఆ రోజంతా బండి నడపకండి, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు చేయకండి. ఇంట్లో మిగిలిన నిద్రమాత్రను సొంతంగా వేసుకుని వెళ్లడం, ధైర్యానికని ఒక పెగ్గు పుచ్చుకుని వెళ్లడం ప్రాణాంతకం కావచ్చు.

చివరగా

తోటి వైద్యులకు ఒక మనవి. రోగి "భయంగా ఉంది" అన్నప్పుడు అదీ మీకు చెప్పిన ఒక లక్షణమే. కేసు షీటులో రాయండి, పక్కవారు నవ్వేలా మాట్లాడకండి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పన్ను పోటును లవంగనూనెతో, నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తున్నవారు ఎవరైనా ఉంటే, "ఎందుకు వెళ్లడం లేదు?" అని మెల్లగా అడగండి. భయమని చెబితే నవ్వకండి. వెంట వెళ్లండి. "వీరికి భయం ఎక్కువ, ఏం చేయగలరు?" అని వైద్యుణ్ణి వారి తరఫున మీరే అడగండి. దవడ కింద వాపు, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ఆ క్షణమే పెద్దాసుపత్రికి బయలుదేరండి.

నా ఓపీ వరుసలో ఆ రోజు ఆమె వెంట ఎవరూ లేరు. ఆమె తరఫున ఆ ప్రశ్న అడిగేవారు ఒక్కరున్నా, నేను తల ఎత్తి ఆమె ముఖం చూసి ఉండేవాడిని.