అద్దె నంబరుతో ఆడపిల్లలకు రక్షణా?

చీర కొన్నా, చెప్పులు కొన్నా బిల్లు వేసే ముందు అడిగేది ఒకటే, "మేడమ్, ఫోన్ నంబరు?" ఇచ్చామా, ఇక మొదలు! స్థలాలు అమ్మేవాళ్లు, అప్పులిస్తామనేవాళ్లు, అర్ధరాత్రి 'హాయ్' అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు.

ఈ బెడద పడలేక కొందరమ్మాయిలు ఓ ఉపాయం కనిపెట్టారు. ఇంటర్నెట్‌లో ఖాతా తెరవడానికి సొంత నంబరు ఇవ్వరు. అక్కడే ఉచితంగానో, కాస్త డబ్బుకో కాసేపటి కోసం దొరికే నంబరు ఇస్తారు. ఓటీపీ దానికే వస్తుంది. చూసి కొట్టేస్తే ఖాతా రెడీ, మన నంబరు మన దగ్గరే భద్రం!

వినడానికి బాగానే ఉంది. మరి ఆ నంబరు ఎవరిది? ఉచితంగా ఇచ్చే చాలా చోట్ల దానికొచ్చే మెసేజీలు ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్లకీ కనిపిస్తాయి. మనం వదిలేశాక అదే నంబరు ఇంకొకరి చేతికి పోతుంది. ఆ కొత్త మనిషి 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే ఓటీపీ వెళ్లేది అతనికే. మన ఫొటోలు, మనం రాసుకున్న కబుర్లు పరాయివాడి పాలు. తాళం వేసి, తాళంచెవి వీధి అరుగు మీద పెట్టి ఊరెళ్లినట్టే కదూ!

అలాగని ఆ పిల్లల్ని తప్పుపట్టి ఏం లాభం? అవసరం లేకపోయినా నంబరు అడిగేవాళ్లది కాదా తప్పు? బిల్లు కోసం ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు చెప్పింది. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటుంది అది. దాని నిబంధనలు మాత్రం 2025 నవంబరులో గానీ వెలువడలేదు. ముఖ్యమైన సెక్షన్ల అమలుకి అక్కణ్ణించి మరో 18 నెలల గడువు! అందాకా మన జాగ్రత్త మనదే.

బ్యాంకు, ఆధార్, వాట్సాప్‌లకు అద్దె నంబరు జోలికే పోవద్దు. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టుకోండి. పాత సామాను అమ్మకాలకో, పెళ్లి సంబంధాల ప్రకటనకో వేరే నంబరు కావాలంటే మీ పేరునే ఇంకో సిమ్ తీసుకోండి. వాడకం మానేసిన నంబరుని మాత్రం ముందు అన్ని ఖాతాల్లోంచీ తీసేయించండి. రద్దయిన నంబరుని 90 రోజులు దాటాక వేరొకరికి ఇచ్చేయొచ్చు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంకొక్క మాట. మనలో ఎంతమంది ఫోన్ల సిమ్‌లు మన పేరున ఉన్నాయి? ఆయన పేరునో, అబ్బాయి పేరునో ఉంటే, రేపు సిమ్ పోయినప్పుడు కొత్తది కావాలన్నా వాళ్లే రావాలి. వాళ్లు అలిగితే మన బ్యాంకు ఖాతా కూడా మన చేతిలో ఉండదు. మన పేరున ఎన్ని నంబర్లున్నాయో ప్రభుత్వం వారి 'సంచార్ సాథీ'లో చూసుకోవచ్చు. మీరు వాడే నంబరు మీ పేరున ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే మీ పేరుకి మార్పించుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్ల నంబరు ఎంత అద్దెదో, మన పేరున లేని నంబరూ అంత అద్దెదే.