డిశ్చార్జి కాగితంలోని ఒక్క వాక్యం

సైన్యంలో చేరిన యువకుడు శిక్షణ పూర్తికాకముందే ఇంటికి తిరిగివస్తే మన కుటుంబాలు సాధారణంగా రెండు పనులు చేస్తున్నాయి. విషయం మొహల్లాలో పొక్కకుండా చూసుకోవడం మొదటిది. అతడు వెంట తెచ్చిన డిశ్చార్జి పత్రాన్ని సరిగా చదవకుండానే బీరువాలో దాచివేయడం రెండవది. మొదటిదాన్ని మేము అర్థం చేసుకోగలం. రెండవ పని మాత్రం ఏ కుటుంబమూ చేయరాదని విన్నవిస్తున్నాం. ఉద్యోగం పోవడం వేరు. అది ఎందుకు పోయిందో రాసిన వాక్యం వేరు. ఉద్యోగం ఒక్కసారే పోతుంది. ఆ వాక్యం మాత్రం అతడు మరో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న ప్రతిసారీ అతడికంటె ముందే అక్కడికి చేరుతుంది.

శిక్షణ మధ్యలో పంపివేసిన రిక్రూటు పత్రంలో తరచుగా కనిపించే మాట "సమర్థుడైన సైనికుడిగా రూపొందే అవకాశం లేదు" అనేది. పరుగులో వెనుకబడిన వాడికీ, ఆయుధ పరీక్షలో తప్పిన వాడికీ, అనారోగ్యంతో రోజుల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాడికీ ఇదే వాక్యం వర్తించవచ్చు. వాక్యం ఒకటే అయినా లోకం దాన్ని అందరి విషయంలో ఒకేలా చదవదు. వేరే ఇంటి కుర్రవాడు తిరిగివస్తే "కష్టం తట్టుకోలేకపోయాడు" అంటారు. మన ఇంటి కుర్రవాడు తిరిగివస్తే "ఏదో విచారణలో తేలి ఉంటుంది" అంటారు. కాగితంలో కారణం స్పష్టంగా లేనప్పుడు ఆ ఖాళీని అనుమానం నింపుతుంది. ఆ అనుమానం ఎటువైపు మొగ్గుతుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. కాబట్టి కారణాన్ని స్పష్టంగా, నిజంగా రాయించుకోవడం ముస్లిం కుటుంబానికి పరువుకు సంబంధించిన విషయమే కాదు, రక్షణకు సంబంధించిన విషయం కూడా.

చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం చేరిక ఒక దశ, అటెస్టేషన్ మరో దశ. రిక్రూటు నిర్ణీత శిక్షణాకాలం ముగించి, విధికి యోగ్యుడని తేలాక ప్రమాణం చేస్తాడు. అంతవరకు అతడి స్థానం బలహీనమైనది. 1954 సైనిక నియమావళిలోని 13వ నియమం డిశ్చార్జి అధికారం ఎవరిదో పట్టిక రూపంలో చెబుతుంది. చేరినప్పటికీ ఇంకా అటెస్టేషన్ కాని వారిని ఆ పట్టిక విడిగా ఒక వరుసలో చేర్చింది. అనుభవం గల సైనికుడికి ఉన్నంత రక్షణ ఆ వరుసలోని కుర్రవాడికి లేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాల వారి ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చిన మాట కూడా నిజమే. అయితే పరిమితం చేయడమంటే తుడిచివేయడం కాదు.

అదే చట్టంలోని 23వ సెక్షన్ మనవారిలో చాలామందికి తెలియదు. సర్వీసు నుంచి తొలగించిన, డిశ్చార్జి చేసిన ప్రతి చేరిక సైనికుడికీ కమాండింగ్ అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో మూడు విషయాలుండాలి: సర్వీసును ముగించిన అధికారి ఎవరు, ముగించడానికి కారణమేమిటి, అతడు మొత్తం ఎంతకాలం పనిచేశాడు. ఆ పత్రం ఇంగ్లీషులోనే గాక అతడి మాతృభాషలో కూడా ఉండాలని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. మన ఇళ్లలో కొందరికి మాతృభాష ఉర్దూ. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలకు తెలుగు. తండ్రి చదవగలిగే భాషలో కొడుకు డిశ్చార్జి కారణం ఉండాలని చట్టసభ 1950లోనే భావించింది. పత్రం చేతికి రాగానే మొదట అడగవలసినది ఇదే: మాతృభాషా ప్రతి ఎక్కడ? కారణం గడిలో ఏమి రాసి ఉంది?

కారణాన్ని బట్టి దారి మారుతుంది. ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది వైద్య కారణం. శిక్షణలో మోకాలు దెబ్బతిన్నా, వినికిడి తగ్గినా, మానసిక ఆరోగ్యం చెదిరినా వైద్య బోర్డు రెండు ప్రశ్నలకు జవాబు రాస్తుంది: ఈ వైకల్యం సర్వీసు కారణంగా వచ్చిందా? సర్వీసు వల్ల తీవ్రమైందా? రెండింటికీ "కాదు" అని రాస్తే పరిహారానికి దారి మూసుకుపోతుంది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది. చేరిక సమయంలో వైద్య రికార్డులో ఏ లోపమూ నమోదు కాకపోతే అతడు ఆరోగ్యవంతుడిగా చేరాడనే భావించాలి. తరువాత వచ్చిన క్షీణత సర్వీసు వల్ల కాదని నిరూపించే భారం యాజమాన్యానిదే. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. అయితే ఇది ఎదురులేని ఆయుధమని ఎవరూ భ్రమపడరాదు. మానసిక వ్యాధుల విషయంలో 2019 నాటి నర్సింగ్ యాదవ్ తీర్పు వైద్య బోర్డు అభిప్రాయానికి ఎక్కువ విలువ ఇచ్చింది. 2023లో అర్హతా నియమాలు కూడా మారాయి. కాబట్టి డిశ్చార్జి తేదీకి ఏ నియమాలు వర్తిస్తాయో న్యాయవాది చేత ముందుగా తేల్చుకోవాలి.

అగ్నిపథ్ వచ్చాక ఈ ప్రశ్న మరింత బరువెక్కింది. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకం కింద శిక్షణతో కలిపి నాలుగేళ్ల సర్వీసు, పెన్షన్ లేదు. సర్వీసు కారణంగా కలిగిన లేదా తీవ్రమైన వైకల్యానికి 100, 75, 50 శాతాల శ్రేణుల్లో వరుసగా 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షల రూపాయల పరిహారాన్ని మాత్రమే నిర్ణయించారు. పెన్షన్ అనే ఆధారమే లేని చోట "సర్వీసు కారణంగా" అన్న రెండు మాటల మీద ఒక కుటుంబ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

రెండవది పోలీసు విచారణ. చేరిక ఫారంలో పాత కేసు గురించి రాయలేదని, సమాచారం దాచాడని శిక్షణ మధ్యలో పంపివేస్తారు. ధర్నాలో, ఊరేగింపులో పదిమందితో పాటు పేరు ఎక్కిన కుర్రవాళ్లు మన బస్తీలలో తక్కువేమీ కాదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఈ విషయాన్ని వివరంగా పరిశీలించింది. అభ్యర్థి నిజమే చెప్పాలి, దాచడం తప్పే. కాని చిన్నవయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయమైతే యాజమాన్యం దాన్ని ఉపేక్షించవచ్చని ధర్మాసనం పేర్కొన్నది. 2022లో పవన్ కుమార్ కేసు వచ్చింది. రైల్వే రక్షణ దళంలో శిక్షణ పొందుతుండగా, నిర్దోషిగా విడుదలైన ఒక కేసును పేర్కొనలేదని అతడిని పంపివేశారు. సమాచారం దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తొలగించరాదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. రైల్వే రక్షణ దళం సైన్యం కాకపోయినా, అర్జీలో ఉదహరించదగిన సూత్రం అది. అయితే మా మొదటి సలహా అంతకుముందు దశకు సంబంధించినది: ఫారం నింపేటప్పుడే కేసు ఉంటే ఉన్నదని రాయండి. దాచిన చిన్న కేసు చెప్పిన పెద్ద కేసుకంటె ఎక్కువ నష్టం చేస్తుంది.

మూడవది అసమర్థత. ఇక్కడ పోరాడవలసినది చాలాసార్లు డిశ్చార్జిపై కాదు, దాని వర్ణనపై. ప్రొబేషన్‌లోని ఉద్యోగిని పంపివేసే ఉత్తర్వు సాదాసీదాగా ఉంటే న్యాయస్థానాలు సాధారణంగా జోక్యం చేసుకోవు. కాని ఆ ఉత్తర్వు వెనుక విచారణ జరపని నేరారోపణ ఉన్నా, అది మనిషి నడతపై మచ్చ వేసినా, అతడి వాదన వినకుండా చేయరాదని 1974 నాటి షంషేర్ సింగ్ తీర్పు నుంచీ న్యాయస్థానాలు చెబుతూ వస్తున్నాయి. "శిక్షణ ప్రమాణాలు అందుకోలేదు" అన్నది అంచనా. "అవాంఛనీయుడు" అన్నది ముద్ర. అంచనాను అంగీకరించి కూడా ముద్రను సవాలు చేయవచ్చు. తిరిగి సైన్యంలోకి వెళ్లే ఉద్దేశం లేని యువకుడు సైతం ఈ పని చేయాలి.

గడ్డం విషయంలో పంపివేస్తే ఏమిటని పాఠకులు అడుగుతారు. వాస్తవం చెప్పడం మా బాధ్యత. వైమానిక దళానికి చెందిన మహమ్మద్ జుబేర్ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు దళం నిబంధననే సమర్థించింది. ఆ తీర్పుతో మేము ఏకీభవించకపోవచ్చు; అయినా అది ఉన్నంతకాలం ఆ దారిలో గెలుస్తామని ఏ తల్లిదండ్రులకూ ఆశపెట్టడం న్యాయం కాదు.

ఇక ఆచరణ. శిక్షణ కేంద్రంలో సంతకం చేసేముందు ప్రతి కాగితాన్నీ చదవమని పిల్లలకు చెప్పండి. "స్వీయ అభ్యర్థనపై" అన్న మాట కింద సంతకం పడితే తరువాతి వాదనకు పునాదే ఉండదు. ఇంటికి వచ్చాక శిక్షణ నివేదికలు, వైద్య బోర్డు పత్రాలు, డిశ్చార్జి ఉత్తర్వు ప్రతులను సమాచార హక్కు చట్టం కింద కోరండి. సైన్యం ఆ చట్టానికి వెలుపల లేదు. 30 రోజుల గడువు దానికీ వర్తిస్తుంది. ఆ పత్రాల ఆధారంగా పై అధికారులకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు భద్రపరచండి. జవాబు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. అర్జీకి ఆరు నెలలైనా తుది జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసినప్పటి నుంచి మరో ఆరు నెలలు ఉంటాయి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని ట్రిబ్యునల్ మన్నించవచ్చు గాని, దానిపై ఆధారపడరాదు. 2007 నాటి ట్రిబ్యునల్ చట్టం ప్రొబేషన్, శిక్షణ, సర్వీసు ముగింపు అన్నింటినీ తన పరిధిలోకి తెచ్చింది. సర్వీసులో లేనివారు తాము నివసించే ప్రాంతపు బెంచిలోనే దరఖాస్తు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాలవారికి అది చెన్నై ప్రాంతీయ బెంచి. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టు రిట్ అధికారం చెక్కుచెదరలేదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ మాటలకు రెండు వైపుల నుంచి అభ్యంతరాలున్నాయి. "సైన్యంతో తగవు ఎందుకు? మిగతా పిల్లలకు దారి మూసుకుపోతుంది" అని పెద్దలంటారు. అర్జీ తగవు కాదు. సైన్యం తన చట్టంలో తానే ఏర్పరచుకున్న ద్వారం. ఆ ద్వారం గుండా వెళ్లినవాడు వ్యవస్థను నమ్మినవాడే. "ప్రతి డిశ్చార్జీ మత వివక్షే, వీధుల్లో తేల్చుకుందాం" అని మరికొందరు ఉత్సాహవంతులు అంటారు. వివక్ష ఉన్నచోట దాన్ని పేరు పెట్టి చెప్పడానికి మేము వెనుకాడం. కాని ఆధారం లేని ఆరోపణ ఆ కుర్రవాడి కేసును బలహీనపరుస్తుంది. అతడి ఫోటోను పోస్టరు మీద వేసేముందు అతడి అనుమతి అడగాలి. అతడికి కావలసింది నినాదం కాదు, సరిచేసిన కాగితం.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. 1985 నుంచి వైద్య కారణాలతో అకాడమీల నుంచి తిరిగివచ్చిన దాదాపు 500 మంది ఆఫీసర్ కేడెట్ల దుస్థితిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించింది. అదే నెలలో వారికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని ప్రభుత్వం వర్తింపజేసింది. ఇది హర్షణీయం. అయితే జవాను శిక్షణ నుంచి తిరిగివచ్చిన రైతుబిడ్డ, మెకానిక్ కొడుకు గురించి అంతటి చర్చ జరగలేదు. శిక్షణ మధ్యలో పంపివేసే ప్రతి రిక్రూటుకూ రాతపూర్వక కారణం, సంజాయిషీ చెప్పుకునే అవకాశం, అప్పీలు గడువు తెలిపే పత్రం ఇవ్వాలి. మాతృభాషా ధ్రువపత్రం తప్పనిసరిగా అమలు కావాలి. ఎంతమందిని ఏ కారణంతో పంపివేశారో ఏటా ప్రచురించాలి. 2006లో సచార్ కమిటీ సైన్యంలో ముస్లింల సంఖ్య అడిగితేనే దేశంలో దుమారం రేగింది. మేము అడుగుతున్నది మతాలవారీ లెక్క కాదు, కారణాలవారీ లెక్క. అది అన్ని మతాల రిక్రూట్లకూ మేలు చేస్తుంది.

ఇలాంటి సందర్భాల్లో బ్రిగేడియర్ ఉస్మాన్‌నూ, అబ్దుల్ హమీద్‌నూ తలచుకోవడం మనకు అలవాటు. వారి త్యాగం మనకు గర్వకారణమే. కాని ఒక రిక్రూటు తన కాగితంలో నిజం రాయమని అడగడానికి అమరుల పేర్లు సాక్ష్యంగా చూపనక్కరలేదు. పౌరుడై ఉంటే చాలు.

మసీదు కమిటీలకూ, యువజన సంఘాలకూ మా అభ్యర్థన ఇది: సైనిక భరతీకి పిల్లలను సిద్ధం చేసే శిబిరాలు నడుపుతున్నవారు చివరి రోజున ఒక గంట ఈ విషయానికి కేటాయించండి. ఫారంలో ఏమి రాయాలో, ఏ కాగితంపై సంతకం చేయకూడదో, గడువులు ఏమిటో చెప్పండి. మీ ప్రాంతంలో సర్వీసు కేసులు తెలిసిన న్యాయవాది పేరును కమిటీ పుస్తకంలో రాసి ఉంచండి. ఇప్పటికే తిరిగివచ్చిన కుర్రవాడు మీ వీధిలో ఉంటే, అతడిని ఎందుకు వచ్చావని అడగకండి. కాగితం మీద ఏమి రాశారని, ఏ తేదీ వేశారని అడగండి. ఆరు నెలలు చాలా త్వరగా గడిచిపోతాయి.