దుబాయ్ దూరం కిలోమీటర్ల లెక్క కాదు

శంషాబాద్ నుంచి దుబాయ్‌కు గాలిల కొలిస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. ఢిల్లీకి దాదాపు 1,250. అంటే దుబాయ్ మనకు రెండు ఢిల్లీల దూరమే. విమానం నాలుగు గంటలల్ల దింపుతది. జగిత్యాలల బస్సెక్కి హైదరాబాద్ చేరాలన్నా ఇంచుమించు అంతే టైం. వాళ్ల గడియారం మనకన్న గంటన్నర ఎనక. ఇక్కడ పొద్దుగాల 10కి లేస్తే అక్కడ 12.30కే దిగుతరు.

గింత దగ్గరి ఊరికి పోయిన మనిషి ఏండ్లకేండ్లు ఇంటి మొఖం ఎందుకు సూడడు? వలస పోయినోళ్ల ఇండ్లకు పోయినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న. ఈ దూరాన్ని అప్పుతోని, కాయితాలతోని కొలిస్తేనే జవాబు దొరుకుతది.

ముందుగాల అప్పు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ కలిపితే 35,400. అటు యూఏఈల కూడా 2022 ఫిబ్రవరి నుంచి అమలైతున్న కార్మిక చట్టం భర్తీ ఖర్చు పనోని మీద వెయ్యొద్దంటది, పాస్‌పోర్టు గుంజుకోవద్దంటది. కని నేను కలిసినోళ్లల్ల ఈ లెక్క తెల్సి పోయినోళ్లు తక్కువ. మిత్తికి తెచ్చి ఏజెంట్ చేతుల పెట్టినోళ్లే ఎక్కువ. అప్పు తీరేదాక ఇంటికొచ్చే టికెట్ ఎవలు కొంటరు?

ఇగ కాయితాలు. పదో తరగతి పాస్ కానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తరు. వాళ్లు పనికోసం యూఏఈ, సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలె. అది తీసుకునేటప్పుడే ప్రవాసీ భారతీయ బీమా చేస్తరు. రెండేండ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంల పాణం పోయినా, శాశ్వతంగ అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. దొంగ ఏజెంట్లు ఈ తొవ్వ తప్పించి విజిట్ వీసా మీద తోలుతరు. "ఆడికి పోయినంక మార్పిస్తం" అంటరు. విజిట్ వీసా మీద పోయినోడు కాయితాల లెక్కన కార్మికుడే కాదు. జీతం ఎగ్గొడితే ఏ ఒప్పందం సూపెడ్తడు? పాణం మీదికొస్తే ఏ బీమా అడుగుతడు?

గల్ఫ్‌ల సచ్చిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలిస్తమని మన రాష్ట్ర ప్రభుత్వం 2024ల జీవో ఇచ్చింది. మంచిదే. కని అది శవం దిగినంక వచ్చే పైసలు. మనిషి విమానమెక్కకముందే వీసా కాయితం సదివి చెప్పేటోడు మండలంల ఒక్కడన్న ఉండాలె. ఏజెంట్ ప్రతి ఊరికి వస్తుంటే సర్కారుకు మండలం దాక రానీకి ఏమడ్డం?

తమ్ముళ్లారా, పోవద్దని నేను చెప్త లేను. ఇక్కడ పని దొరకనప్పుడు పోకుంట ఎట్ల ఉంటరు? పైసలు కట్టకముందు ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ సూడుండ్రి. వర్క్ వీసా, ఒప్పందం, బీమా, మూడింటి నకళ్లు ఇంట్ల పెట్టి పోండ్రి. ఆపదొస్తే ఇండియన్ ఎంబసీ దగ్గర మనోళ్ల కోసం 2009ల పెట్టిన సంక్షేమ నిధి ఉన్నదని యాదుంచుకోండ్రి.

విమానం ఎవలనైనా నాలుగు గంటలల్లనే దించుతది. మళ్ల ఎన్నడొస్తమన్నది మాత్రం పోయేముందు సేసిన సంతకం మీదనే ఉంటది.