గోడ మనది, కన్నం పెట్టే మిషన్ వాళ్లదా?

మీ వంటింట్లో మిక్సీ మీద రాసిన అంకె ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో 750 వాట్లని ఉంటుంది. గోడకి కన్నాలు పెట్టే మామూలు డ్రిల్లింగ్ మిషనేమో 500, 600 వాట్లు. అంటే రోజూ పొద్దున్నే చట్నీకి మనం తిప్పే మోటారు కన్నా అది చిన్నది. అయినా మిక్సీ ఆడవాళ్ల వస్తువు, డ్రిల్లు మగవాళ్ల వస్తువు. ఈ పంపకం ఎవరు చేశారో గానీ, దాని పుణ్యమా అని ఎన్ని వంటిళ్లలో కొత్త షెల్ఫులు అట్టపెట్టెలోనే మగ్గుతున్నాయో!

మా హుకుంపేట వైపు పాత మట్టిళ్లు చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. గోడ లేపేటప్పుడే దీపానికో గూడు, డబ్బాలకో గూడు వదిలేవారు. కొయ్యమేకు కావాలంటే మట్టి పచ్చిగా ఉండగానే దిగేసేవారు. పండగొస్తే ఆ గోడని ఎర్రమట్టితో మెత్తి అలికేది ఆడవాళ్లే. ఏది ఎక్కడ వేలాడాలో ఆవిడ మాటే చెల్లేది. ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగు వచ్చాక ఇల్లు గట్టిదైంది, సంతోషమే. గోడ మీద మన మాట మాత్రం పోయింది. 2020 డిసెంబరులో రాష్ట్రమంతా ఇళ్లస్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు కదా. పట్టా మన పేరున ఉంటుంది, గరిటెల స్టాండు తగిలించడానికి మాత్రం మరిదిగారికి ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూడాలి!

"ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే పోయె" అంటారు. రెండు కన్నాల కోసం ఎవరైనా పని మానుకుని పాడేరు నుంచి వస్తారా? "పది పనులు పోగేసి పిలవండమ్మా" అంటాడు. న్యాయమే, పెట్రోలు ఖర్చు అతనిది. ఈలోగా ఇంట్లో ఎవరో ఒకరు సుత్తీ మేకూ అందుకుంటారు. మేకు వంగుతుంది, ప్లాస్టరు పెచ్చు ఊడుతుంది, దాని మీద క్యాలెండరు వేలాడదీస్తారు. మన ఇళ్లలో క్యాలెండర్లు తీసి చూస్తే తెలుస్తుంది ఎన్ని పెచ్చులో.

కాబట్టి కొనండి. అయితే షాపువాడు పెద్దది చూపించి అంటగడితే ఒప్పుకోకండి. ఉన్నవి రెండు రకాలు. హ్యామర్ డ్రిల్లు లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి, గంట్లు పెట్టిన తిరగలి రాళ్లలాగా. పళ్లు ఎక్కి దిగినప్పుడల్లా బిట్టు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. చిన్న దెబ్బలే, నిమిషానికి వేలల్లో. మనం ఆనించి నొక్కితేనే ఆ దెబ్బ పడుతుంది. రెండోది రోటరీ హ్యామర్. దానిలో పిస్టన్ గాలిని తోసి కొడుతుంది, అది రోకలిపోటు. శ్లాబుకీ పిల్లర్లకీ అదే కావాలి. బరువెక్కువ, ధరెక్కువ, బిట్లు కూడా వేరే. ఇటుక గోడలో 6, 8 మిల్లీమీటర్ల కన్నాలకి తిరగలి చాలు. కందులు విసరడానికి ఎవరైనా రోకలెత్తుతారా?

బ్యాటరీది కొనమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకొందరు. మా కొండల్లో గాలివానకి కరెంటు పోతుంది కదా అని వాళ్ల వాదన. కరెంటు లేని రాత్రి గోడకి కన్నం పెట్టకపోతే కొంపలు మునుగుతాయా? ఏడాదికి నాలుగుసార్లు తీసే వస్తువది. వాడినా వాడకపోయినా లిథియం బ్యాటరీకి వయసు మీదపడుతూనే ఉంటుంది, మళ్లీ కొత్తది కొనాలంటే చేతి చమురు బాగానే వదులుతుంది. వైరుది అయిదేళ్లు అటక మీద పడుకున్నా ప్లగ్గు పెట్టగానే లేచి పనిచేస్తుంది. వైరు పొట్టిగా ఉంటుంది గనక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరుంచుకోండి.

పాడేరులో ఒక షాపాయన నేనడిగిన ప్రశ్నకి జవాబు మావారి మొహంలోకి చూసి చెప్పాడు. "మేడం గారికి బరువైపోద్ది సార్." రెండు కిలోలు కూడా లేదది! నిండు బిందె చంకన పెట్టుకుని గట్టెక్కే ఆడవాళ్లున్న చోట ఆ మాట. అమెరికాలో నాష్‌విల్ విమానాల ఫ్యాక్టరీలో ఒకావిడ చేతిడ్రిల్లుతో వెంజెన్స్ అనే యుద్ధవిమానం మీద పనిచేస్తున్న ఫొటో ఉంది, 1943లో తీసింది. విమానానికి పనికొచ్చిన ఆడచెయ్యి గరిటెల స్టాండుకి పనికిరాదా?

షాపులో సిగ్గుపడకుండా చేతిలోకి తీసుకోండి. ట్రిగ్గరు మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా తిరగాలి. రివర్సు ఉండాలి. దెబ్బ ఆపేసే మీట ఉండాలి, బోలు సిమెంటు ఇటుకలకీ చెక్కకీ దెబ్బ అక్కర్లేదు, పైగా టైల్స్ పగులుతాయి. పక్కపిడి తప్పనిసరి, బిట్టు ఇరుక్కుంటే మిషన్ మణికట్టుని మెలిపెట్టకుండా కాసేది అదే. మిషన్ మీద చదరంలో చదరం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. షాకు కొడుతుందని భయపెట్టేవాళ్లకి ఆ గుర్తు చూపించండి. తడిచేత్తో మాత్రం వద్దు, అది మిక్సీకైనా అంతే. నూరు ముక్కల పెట్టె ఉచితమంటే మురిసిపోకండి. కార్బైడ్ మొన ఉన్న మంచి గోడబిట్లు, 6ది ఒకటి, 8ది ఒకటి విడిగా కొనుక్కోవడం మేలు.

ఇక మొదలుపెట్టేటప్పుడు జుట్టు ముడేసి, కొంగు దోపి, కళ్లద్దాలు పెట్టుకోండి. స్విచ్‌బోర్డుకి తిన్నగా పైనా కిందా ముట్టుకోవద్దు, గోడలో వైర్లు నిలువుగా వెళ్తాయి. 6 బిట్టు కన్నానికి 6 ప్లగ్గే. ముందు బూడిదరంగు పొడి రాలుతుంది, అది ప్లాస్టరు. స్క్రూ బరువు మోసేది ప్లాస్టరు కాదు, ఇటుక. ఎర్ర ఇటుక గోడైతే ఎర్రపొడి వచ్చేదాకా ఆగకండి, వచ్చాక ఇంకో ప్లగ్గు పొడవు లోపలికి పోనివ్వండి.